చలానా పడిందా? కట్టే ముందు ఫోటో తెరిచి చూడండి

హైదరాబాద్‌లో చలానా పడితే జనం రెండు రకాలుగా ఉంటారు. మెసేజ్ రాగానే అదేంటో కూడా చూడకుండా కట్టేసి పీడ వదిలించుకునేవాళ్లు కొందరు. ‘ఎలాగూ డిస్కౌంట్ పెడతారులే’ అని ఏళ్ల తరబడి పోగేసుకునేవాళ్లు మరికొందరు. ఈ రెండు రకాల వాళ్లలోనూ చలానా పక్కనే ఉండే ఫోటో తెరిచి చూసేవాళ్లు తక్కువ. తప్పుడు చలానా బయటపడేది అక్కడే.

ఈ మధ్య ఇంకో టెన్షన్ కూడా కలిసింది. అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్ చేసినప్పుడల్లా ‘టికెట్ పడితే ఇన్సూరెన్స్ పెరిగిపోతుంది డాడీ’ అంటుంటారు. ఇక్కడ పెద్దవాళ్లు తమ బండి మీద ఉన్న చలానాలు లెక్కపెట్టుకుని కంగారు పడతారు. ఆ సంగతి కింద వివరంగా చెప్తాను. ముందు చలానా పని చూద్దాం.

అది అసలు చలానాయేనా?

వాట్సాప్‌లో ‘ఆర్‌టీఓ చలాన్’ అనే పేరుతో ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు) వస్తే దాన్ని తాకకండి. అది ఫోన్‌లో ఇన్‌స్టాల్ అయితే మీ మెసేజ్‌లు, ఓటీపీలు చదివి ఖాతా ఖాళీ చేస్తారు. పోలీసులు చలానాను అలా ఫైలుగా పంపరు. మెసేజ్‌లో లింకు ఉన్నా దాన్ని నొక్కకుండా, తెలంగాణ పోలీసుల ఈ-చలానా సైట్‌కు మీరే వెళ్లి బండి నంబరు కొట్టి చూసుకోండి. అడ్రసు ‘గవ్ డాట్ ఇన్’తో ముగియాలి. వేరే రాష్ట్రంలో పడినవి కేంద్రం నడిపే పరివాహన్ ఈ-చలానా సైట్‌లో విడిగా చూసుకోవాలి.

కొందరికి అసలు మెసేజే రాదు. బండి కొన్న రోజు షోరూమ్‌లో హడావిడిగా ఏదో నంబరు రాసి ఉంటారు, లేదా మీరు ఆ సిమ్ ఎప్పుడో మార్చేసి ఉంటారు. రవాణా శాఖ రికార్డులో మీ ఇప్పటి నంబరు ఎక్కించుకోండి. చలానా గురించి ఆర్నెల్లకు తెలిస్తే, ఆ రోజు మీరు ఎక్కడున్నారో మీకే గుర్తుండదు. అప్పుడు పోరాడటానికి చేతిలో ఏమీ మిగలదు.

ఫోటోను ఎలా చదవాలి

ఫోన్‌లో చిన్నగా చూసి వదిలేయకండి. పెద్ద స్క్రీన్ మీద తెరిచి, జూమ్ చేసి, ఒక్కొక్కటే సరిచూడండి.

మొదట నంబరు ప్లేటు. ఎనిమిదికీ బీకీ, సున్నాకీ డీకీ, ఒకటికీ ఏడుకీ మధ్య పొరపాట్లు మామూలే. దుమ్ము పట్టిన ప్లేటు అయితే ఇంకా ఎక్కువ. మన రోడ్ల మీద ఏపీ 09, టీఎస్ 09, టీజీ 09 మూడూ తిరుగుతున్నాయి. 2024 మార్చిలో టీజీ సిరీస్ మొదలయ్యాక ఈ గందరగోళం ఇంకాస్త పెరిగింది. చాలామంది చివరి నాలుగంకెలు చూసి ‘నాదే’ అనుకుంటారు. మొదటి రెండక్షరాల దగ్గర్నుంచి చదవండి.

తర్వాత బండి. మీది తెల్ల యాక్టివా అయితే ఫోటోలో నల్ల పల్సర్ ఉందా? మీ కారు నంబరు మీద హెల్మెట్ లేదనే చలానా వచ్చిందా? ఇలాంటివి నవ్వు తెప్పించేంత తేలికగా దొరుకుతాయి, చూసేవాళ్లు ఉంటే. మోడల్ కూడా అదే అయితే రంగు, స్టిక్కర్లు, సీటు కవరు, క్రాష్ గార్డు, అద్దాలు పోల్చండి.

ఆ తర్వాత చలానాలో రాసిన నేరం ఫోటోలో నిజంగా కనిపిస్తోందా? సిగ్నల్ జంప్ అని రాశారు. ఫోటోలో సిగ్నల్ లైటు ఉందా? స్టాప్‌లైన్ దాటారన్నారు. గీత కనిపిస్తోందా, అసలు ఆ చోట గీత మిగిలి ఉందా? మెట్రో పిల్లర్ల కింద, రోడ్డు తవ్వి పూడ్చిన చోట్ల గీతలు చెరిగిపోయి ఉంటాయి. 2022 అక్టోబరులో ట్రాఫిక్ పోలీసుల ‘ఆపరేషన్ రోప్’ డ్రైవ్ మొదలైనప్పుడు స్టాప్‌లైన్ దాటితే 100, ఫ్రీ లెఫ్ట్‌కు (సిగ్నల్ కోసం ఆగకుండా ఎడమకు తిరిగే దారికి) అడ్డంగా నిలబడితే 1000 రూపాయలని ప్రకటించారు. ఇలాంటి చలానాల్లో ఫోటో ఏ కోణం నుంచి తీశారన్నదే అసలు విషయం. ఫ్రీ లెఫ్ట్‌లో ముందు బస్సు ఆగిపోతే వెనక ఉన్న మీరు ఎటు పోతారు? ఆ బస్సు కూడా ఫోటోలో ఉంటే మీ వాదన మీకు దొరికినట్టే.

చివరగా తేదీ, టైము, స్థలం, ఏ కమిషనరేట్, ఏ ట్రాఫిక్ పోలీస్ స్టేషన్ పరిధి. చివరి రెండూ కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫిర్యాదు ఎవరి దగ్గరకు వెళ్లాలో చెప్పేవి అవే. ఒకే నేరానికి నిమిషాల తేడాతో రెండు చలానాలు పడ్డాయేమో కూడా చూడండి.

వేగం చలానాలది వేరే కథ. ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగం 120. 2023లో 100 నుంచి పెంచారు. అయితే అన్ని లేన్లకూ అదే పరిమితి కాదు. అందుకని చలానాలో నమోదైన వేగం ఎంత, మీరు ఏ లేన్‌లో ఉన్నారు, ఫోటోలో ఒకటికి మించి వాహనాలు ఉంటే ఆ కొలత ఎవరిది అన్నది చూడండి. వెయ్యి జరిమానా, 35 సర్వీసు చార్జీ కలిపి 1035 అనే అంకె నగరంలో అందరికీ కంఠతా వచ్చేసింది.

నియమం మీ వైపు ఏం చెబుతోంది

2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహన నియమాల్లో 167ఏ అనే నియమం చేర్చారు. కెమెరాలు, స్పీడ్ గన్‌లు, ఒంటి మీద తగిలించుకునే కెమెరాల వంటి పరికరాలతో పెట్టే కేసులకు ఇది వర్తిస్తుంది. నేరం జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. అందులో నేరాన్నీ నంబరు ప్లేటునూ చూపించే ఫోటో, పరికరం కొలిచిన కొలత, తేదీ, సమయం, స్థలం, ఉల్లంఘించిన సెక్షన్ ఉండాలి. పరికరానికి ఆమోద సర్టిఫికెట్ ఉండాలి, దాన్ని ఏటా రెన్యువల్ చేయించాలి. చలానా తేలేదాకా ఆ రికార్డును భద్రపరచాలి. పర్యవేక్షణ ఉన్న రోడ్ల మీద ముందుగా కనిపించేలా హెచ్చరిక బోర్డులు పెట్టాలి.

ఈ నియమం చూపిస్తే చలానా వెంటనే రద్దవుతుందని అనుకోకండి. మీ ఫిర్యాదులో ‘167ఏ ప్రకారం నేరాన్ని చూపించే ఫోటో ఇవ్వలేదు’ అని ఒక వాక్యం ఉంటే దాన్ని చదివే అధికారి కొంచెం నిటారుగా కూర్చుంటారు. అంతవరకే దాని ఉపయోగం.

లైసెన్సు, ఆర్‌సీ చూపించలేదనే చలానా అయితే ఒక మాట. డిజీలాకర్, ఎంపరివాహన్‌లో ఉన్న పత్రాలు చెల్లుతాయి. మీరు ఫోన్‌లో చూపించినా చలానా రాస్తే అది పోరాడదగ్గ కేసు.

కట్టాల్సినవి, కొట్లాడాల్సినవి వేరుచేయండి

నిజంగా హెల్మెట్ లేకుండా పోయారు, ఫోటోలో మీ ముఖం స్పష్టంగా ఉంది. కట్టేయండి. దాని మీద వాదించి పరువు పోగొట్టుకోవడం దేనికి? తప్పుగా పడినదాన్ని మాత్రం ఈ కుప్పలో కలపకండి. సైట్‌లో చలానాలను ఒక్కొక్కటిగా టిక్ చేసి కట్టే వీలుంది. ‘మొత్తం సెలెక్ట్’ చేసి ఒకేసారి కట్టారంటే తప్పుడుది కూడా మీరు ఒప్పుకున్నట్టే. మోటారు వాహనాల చట్టంలో 200వ సెక్షన్ కింద డబ్బు కట్టడమంటే కేసును రాజీ చేసుకుని ముగించడం. కట్టిన తర్వాత ‘అది నాది కాదు’ అంటే వినేవాళ్లు దొరకరు.

డిస్కౌంట్ కోసం ఆగేవాళ్లకు కూడా ఇదే చెప్తాను. 2022 మార్చిలో టూవీలర్లకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు చివర్లో మొదలై 2024 ఫిబ్రవరి దాకా సాగిన రెండో విడతలో టూవీలర్లకు, ఆటోలకు 80 శాతం, కార్లకు 60 శాతం తగ్గించారు. నిజమే, ఆగినవాళ్లు బాగుపడ్డారు. సర్కారు తీరు మీద నాకున్న అసహనం అదే, సకాలంలో కట్టినవాడిని వెర్రివాణ్ని చేయడమే కదా. అయితే తప్పుడు చలానాను డిస్కౌంట్‌లో కట్టినా చేయని తప్పును ఒప్పుకున్నట్టే. పైగా లోక్ అదాలత్ వచ్చే ప్రతిసారీ ‘చలానాలన్నీ మాఫీ’ అని వాట్సాప్‌లో తిరిగే పుకార్లను నమ్మకండి. ప్రభుత్వం తగ్గింపు ఇస్తే అది అధికారిక సైట్‌లో చలానా మొత్తంలోనే కనిపిస్తుంది.

సాక్ష్యం, ముఖ్యంగా త్వరగా

ఆలస్యం చేస్తే ముందుగా పోయేది సీసీటీవీ. అపార్ట్‌మెంట్‌లో, ఆఫీసులో రికార్డింగు కొన్ని రోజులకే చెరిగిపోయి దాని మీద కొత్తది ఎక్కుతుంది. కాబట్టి చలానా చూసిన రోజే వాచ్‌మన్‌నో, అసోసియేషన్ సెక్రటరీనో, ఆఫీసు సెక్యూరిటీనో అడిగి, ఆ టైముకి మీ బండి సెల్లార్‌లో ఉన్న ముక్కను ఫోన్‌లోకి తీసుకోండి.

మిగతావి నిదానంగా పోగేయవచ్చు. ఆ రోజు ఆఫీసు స్వైప్ రికార్డు, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, సర్వీసింగ్‌లో ఇచ్చి ఉంటే జాబ్ కార్డు, ఫోన్‌లో లొకేషన్ టైమ్‌లైన్, మాల్ పార్కింగ్ రసీదు. వీటితో పాటు మీ బండిని ముందు, వెనక, రెండు పక్కల నుంచి నంబరు ప్లేటు కనిపించేలా ఫోటోలు తీయండి. అంబులెన్సుకు దారి ఇవ్వడానికి గీత దాటి ఉంటే, డ్యాష్‌క్యామ్ ఉన్నవాళ్లు ఆ వీడియోను వెంటనే సేవ్ చేసుకోవాలి.

ఫిర్యాదు రాయడం

ఈ-చలానా సైట్‌లో ఉన్న ఫిర్యాదు మార్గంలో ఒకటి పంపండి. రెండోది కాగితం మీద రాసి, చలానాలో పేరున్న ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ పేరిట ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. సోషల్ మీడియాలో ట్రాఫిక్ పోలీసుల ఖాతాకు ఫోటో పెట్టినా ఒక్కోసారి పని త్వరగా అవుతుంది. అయితే ఆర్‌సీ, ఫోన్ నంబరు అందరికీ కనిపించేలా పెట్టకండి.

రాత పొట్టిగా ఉండాలి. మీ కష్టాలు, దేశంలో ట్రాఫిక్ పరిస్థితి, మంత్రుల కాన్వాయ్‌లు ఇవేవీ వద్దు. ఇలా రాస్తే చాలు:

‘అయ్యా, నా బండి నంబరు ఫలానా. ఫలానా తేదీన ఫలానా సమయానికి ఫలానా చోట సిగ్నల్ జంప్ చేసినట్టు ఫలానా నంబరుతో చలానా నమోదైంది. ఫోటోలోని వాహనం నలుపు రంగు మోటార్ సైకిల్. నా వాహనం తెలుపు రంగు స్కూటర్, ఆర్‌సీ ప్రకారం మోడల్ ఫలానా. ఆ సమయంలో నా బండి మా ఆఫీసు పార్కింగ్‌లో ఉంది. ఆర్‌సీ కాపీ, బండి ఫోటోలు, పార్కింగ్ రికార్డు జత చేశాను. పరిశీలించి చలానాను రద్దు చేయవలసిందిగా కోరుతున్నాను. ఒకవేళ రద్దు చేయడం కుదరకపోతే కారణాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు.’

ఆ చివరి వాక్యం వదలకండి. ‘చూస్తాం’ అనే మాటకూ రాతలో ఇచ్చిన జవాబుకూ చాలా తేడా ఉంది.

స్టేషన్‌కు వెళ్లినప్పుడు మధ్యాహ్నం పూట వెళ్లండి. ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో అందరూ రోడ్డు మీదే ఉంటారు. ‘సార్, ఫోటో ఒక్కసారి పెద్దగా చేసి చూడండి’ అని మామూలుగా అడిగితే, నంబరు తప్పు చదివిన కేసులు చాలావరకు అక్కడే తేలిపోతాయి. వాదనకు దిగితే తేలే పని కూడా తేలదు.

డూప్లికేట్ ప్లేటు కేసు అయితే చలానా రద్దుతో ఆగకండి. మీ నంబరు పెట్టుకుని ఎవడో ఊళ్లో తిరుగుతున్నాడు. రేపు వాడు ఎవరినైనా గుద్ది పారిపోతే పోలీసులు వచ్చేది మీ ఇంటికే. మీ ప్రాంతం లా అండ్ ఆర్డర్ పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక కాపీ ఆర్‌టీఏకు, ఒకటి ఇన్సూరెన్స్ కంపెనీకి ఈమెయిల్ చేయండి. 2019 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటు ఉంటుంది. దాని మీద ఉండే లేజర్ నంబరు ఫోటో కూడా జత చేస్తే మీ ప్లేటే అసలుదని చూపించడం తేలిక.

కోర్టు దాకా వెళ్లాలా?

పోలీసులు రద్దు చేయనంటే, కేసును కోర్టుకు పంపమని అడిగి మేజిస్ట్రేట్ ముందు ‘తప్పు చేయలేదు’ అని చెప్పుకునే హక్కు మీకుంది. నేరాన్ని నిరూపించాల్సిన బాధ్యత అప్పుడు వాళ్లది. డిజిటల్ ఫోటోను సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కూడా జతచేయాలి.

వెళ్లే ముందు ఒక లెక్క చూసుకోండి. చలానాలో రాసేది రాజీ మొత్తం. 2019 సెప్టెంబరు నుంచి అమలైన సవరణ చట్టంలోని పెద్ద జరిమానాలను అప్పట్లో తెలంగాణ తన చలానాల్లోకి తీసుకోలేదు. కానీ కోర్టు చూసేది చట్టాన్ని. ప్రమాదకర డ్రైవింగ్‌కు 184వ సెక్షన్‌లో మొదటిసారికే 1000 నుంచి 5000 దాకా జరిమానా, ఆర్నెల్ల నుంచి ఏడాది దాకా జైలుకు కూడా అవకాశం ఉంది. హెల్మెట్ లేకపోతే చట్టంలో 1000 రూపాయలు, మూడు నెలలు లైసెన్సుపై వేటు. అంటే ఓడిపోతే చలానా కన్నా ఎక్కువే వదలొచ్చు. దానికి తోడు సెలవులు, వాయిదాలు, లాయరు ఫీజు.

అందుకని నా సలహా ఇది. మామూలు చలానాకు స్టేషన్, పై అధికారి దాకా పోరాడండి. అంతకుమించి కోర్టుకు వెళ్లడం మూడు సందర్భాల్లోనే దండగ కాదు: లైసెన్సు సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉన్నప్పుడు, డూప్లికేట్ ప్లేటు వల్ల చలానాలు వరసగా పడుతున్నప్పుడు, చలానా ఏదైనా యాక్సిడెంట్‌తో ముడిపడి ఉన్నప్పుడు. యాక్సిడెంట్ కేసులో ‘ఫైన్ కట్టేసి వదిలించుకుందాం’ అని లాయర్ లేకుండా తప్పు ఒప్పుకోవద్దు. ఆ ఒప్పుకోలు రేపు నష్టపరిహారం ట్రిబ్యునల్‌లో మీకు ఎదురు తిరగొచ్చు.

పాత చలానాలు వాటంతట అవే పోతాయనే మాట కూడా వింటుంటాం. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని కోర్టు విచారణకు స్వీకరించడానికి ఆరు నెలల గడువు ఉన్న మాట నిజం. అది కోర్టులో లేవనెత్తాల్సిన పాయింటు. సైట్‌లో మాత్రం చలానా అలాగే కూర్చుని ఉంటుంది.

తాగి నడిపిన కేసు వీటన్నిటికీ వేరు. అది ఆన్‌లైన్‌లో కట్టేది కాదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే గోషామహల్ లేదా బేగంపేట ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్, ఆపైన కోర్టు. మొదటిసారికి 10,000 జరిమానా, ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. మెషీన్ రీడింగ్ తప్పనిపిస్తే అక్కడే చెప్పి, కొత్త పైపుతో మళ్లీ ఊదనివ్వమనీ, రక్తపరీక్ష చేయించమనీ అడగండి. మర్నాడు అడిగితే ఏమీ తేలదు.

ఇప్పుడు ఇన్సూరెన్స్ సంగతి

అమెరికాలో టికెట్ ఖరారైతే అది డ్రైవరు రికార్డుకు ఎక్కుతుంది, కంపెనీ ఆ రికార్డు చూసి ప్రీమియం లెక్కిస్తుంది. మన దగ్గర ప్రీమియం ముఖ్యంగా బండిని చూసి లెక్కిస్తారు. మీ పాలసీ కాగితం తీసి ముందు పెట్టుకోండి. అందులో రెండు పెద్ద ముక్కలుంటాయి.

ఒకటి థర్డ్ పార్టీ, అంటే మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి. దీని రేటు కేంద్రం నిర్ణయిస్తుంది, కంపెనీ చేతిలో ఏమీ లేదు. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్లలో 1000 సీసీ లోపు కారుకు 2,094, 1000 నుంచి 1500 సీసీకి 3,416, ఆపైన 7,897. టూవీలర్‌కు 75 నుంచి 150 సీసీకి 714, 150 నుంచి 350కి 1,366. పదేళ్లలో ఒక్క చలానా లేనివాడికీ వారానికొకటి తెచ్చుకునేవాడికీ ఒకటే రేటు.

రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మీ బండికే జరిగే నష్టానికి. బండి విలువ, వయసు, ఇంజిన్ సైజు, రిజిస్ట్రేషన్ ఊరు, మీరు తీసుకున్న యాడ్-ఆన్‌లు (అదనపు కవర్లు), నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ఇచ్చే తగ్గింపు) కలిపి కంపెనీ దీన్ని లెక్కిస్తుంది. హైదరాబాద్ పెద్ద నగరాల జోన్ ‘ఏ’లో ఉంది, కాబట్టి అదే కారుకు వరంగల్‌లో కన్నా ఇక్కడ కాస్త ఎక్కువ పడుతుంది. చలానాలకు ఈ లెక్కలో గడి లేదు.

పెట్టాలనే ఆలోచన మాత్రం వచ్చింది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వేసిన బృందం 2021 జనవరిలో ‘ట్రాఫిక్ ఉల్లంఘన ప్రీమియం’ అని ఇంకో భాగం చేర్చాలని సిఫారసు చేసింది. తాగి నడిపితే 100 పాయింట్లు, తప్పుగా పార్కింగ్ చేస్తే 10, ఇలా పాయింట్లు వేసి టూవీలర్‌కు 100 నుంచి 750, కారుకు 300 నుంచి 1500 రూపాయల దాకా అదనం వసూలు చేయాలన్నది ఆ ముసాయిదా. ముందు ఢిల్లీలో పెట్టి చూద్దామన్నారు. దేశమంతా అమలయ్యే నియమంగా అది మారలేదు. ఇంతకుముందు మన దగ్గరా 2017 ఆగస్టులో పాయింట్లు పెట్టారు, రెండేళ్లలో 12కు చేరితే లైసెన్సు సస్పెన్షన్ అన్నారు. అది లైసెన్సుకు సంబంధించినది, ప్రీమియానికి కాదు.

కాబట్టి రెన్యువల్ టైములో ఏజెంట్ ‘మీ బండి మీద చలానాలున్నాయి, అందుకే పెరిగింది’ అంటే, ‘ఏ లైనులో పెరిగిందో చూపించండి’ అని అడగండి. పాత పాలసీ, కొత్త కొటేషన్ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు కారణం నో క్లెయిమ్ బోనస్ పోవడమో, అడగకుండా కలిపిన యాడ్-ఆనో అయి ఉంటుంది. మీరే కోరి ‘ఎలా నడిపితే అంత’ రకం యాడ్-ఆన్ తీసుకుంటే మాత్రం వేరు. 2022లో వీటికి అనుమతి వచ్చింది. అందులో యాప్ లేదా పరికరం మీ బ్రేకులు, వేగం చూసి లెక్క కడుతుంది. అక్కడ కూడా చూసేది మీ నడపడాన్ని, చలానాను కాదు.

మరి నిజంగా ప్రీమియం పెంచేది ఏది? క్లెయిమ్. నో క్లెయిమ్ బోనస్ 20, 25, 35, 45, 50 శాతంగా ఏటా ఎక్కుతూ, ఒక్క క్లెయిమ్‌తో సున్నాకు పడిపోతుంది. లెక్క కోసం అనుకుందాం: బోనస్‌కు ముందు మీ ఓన్ డ్యామేజ్ 9,000, బోనస్ 45 శాతం. మీరు కట్టేది 4,950. ఒక డోర్ సొట్టకు క్లెయిమ్ చేశారు. వచ్చే ఏడాది మిగతావన్నీ అలాగే ఉన్నా 9,000 అవుతుంది. తేడా 4,050, దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపితే 4,779. పైగా బోనస్ మళ్లీ మెట్టు మెట్టుగా ఎక్కాలి. 1035 చలానా గురించి నిద్ర పాడుచేసుకునేవాళ్లు మూడు వేల సొట్టకు క్లెయిమ్ వేసేస్తారు. బోనస్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేకపోతే చిన్న రిపేరు చేతి నుంచి పెట్టుకోవడమే నయం. పాలసీ గడువు దాటి 90 రోజుల్లో రెన్యువల్ చేయకపోయినా బోనస్ పోతుంది.

చేసిన తప్పు ఇన్సూరెన్స్‌కు తగిలేది క్లెయిమ్ రోజున. తాగి నడిపినట్టు తేలితే మీ బండి డ్యామేజీకి కంపెనీ పైసా ఇవ్వదు. సరైన లైసెన్సు లేకుండా నడిపినా అంతే. ఎదుటివాళ్లకు ఇవ్వాల్సిన పరిహారాన్ని ముందు కంపెనీ కట్టి, తర్వాత మీ దగ్గర వసూలు చేసుకునేలా తీర్పులు వస్తుంటాయి. పిల్లవాడికి బండి ఇచ్చి పంపితే లెక్క ఇంకా పెద్దది: 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు.

ఇన్సూరెన్స్ లేదనే చలానా పడితే దాన్ని మాత్రం అసలు వదలకండి. 196వ సెక్షన్‌లో మొదటిసారి 2,000, రెండోసారి 4,000. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్లు, టూవీలర్‌కు ఐదేళ్లు థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. ఓన్ డ్యామేజ్ ఏడాదికే అయిపోయినా థర్డ్ పార్టీ ఇంకా నడుస్తూ ఉంటుంది. చట్టానికి కావాల్సింది అదే. ఒక్కోసారి పాలసీ ఉన్నా ప్రభుత్వ రికార్డులోకి ఎక్కకపోవడం వల్ల చలానా పడుతుంది. ఆ తేదీన చెల్లుబాటులో ఉన్న పాలసీ కాపీ జతచేసి ఫిర్యాదు చేయండి. రికార్డు సరిచేయమని కంపెనీకి కూడా ఈమెయిల్ పెట్టండి, లేకపోతే ఇంకో సిగ్నల్ దగ్గర ఇంకోటి పడుతుంది.

అమ్మేసిన బండి మీద చలానాలు

బండిని ఎప్పుడో అమ్మేశారు, కొన్నవాడు పేరు మార్చుకోలేదు, చలానాలు మీకే వస్తున్నాయి. ఇది ప్రతి వీధిలో వినే గోడు. చట్టం దృష్టిలో ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. యాక్సిడెంట్ పరిహారం విషయంలోనూ 2018లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అమ్మినవాళ్లు 14 రోజుల్లో ఫారం 29తో ఆర్‌టీఏకు తెలియజేయాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఫారం 30 పెట్టాలి. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు కన్సల్టెంట్ చేతిలో పెట్టి ఇంటికి వచ్చేయడంతోనే గొడవంతా మొదలవుతుంది.

ఇప్పటికే ఇరుక్కుని ఉంటే అమ్మకపు కాగితం, డెలివరీ నోట్, కొన్నవాళ్ల ఆధార్ కాపీ, డబ్బు వచ్చిన బ్యాంకు ఎంట్రీ, ఏవి ఉంటే అవి తీసుకుని ఆర్‌టీఏకూ పోలీసులకూ రాయండి. అమ్మిన తేదీ తర్వాతి చలానాలను ఆ కాగితంతో ముడిపెట్టి జాబితాగా ఇవ్వండి. డబ్బు మాత్రం మీరు కట్టకండి. ఒకసారి కడితే బండి ఇంకా మీదేనని మీరే రాసిచ్చినట్టవుతుంది.

ఇంకొకటి. బండి కొన్నవాళ్లకు వెళ్తుంది గానీ నో క్లెయిమ్ బోనస్ మీతోనే ఉంటుంది. పేరు మారాక కంపెనీని బోనస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. అది మూడేళ్లు చెల్లుతుంది. కొత్త కారు తీసుకునే రోజు దాన్ని షోరూమ్ వాళ్ల ముందు మీరే పెట్టాలి. వాళ్లంతట వాళ్లు అడగరు.